పది వేళ్ళు

పెదనాన్న నవలని దిద్ది పంపాడు.

చదివి ఎలా ఉందో చెప్పమని ఇస్తే దిద్ది పంపాడు. ముప్పై ఎనిమిదేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, అందులో పన్నెండేళ్ళు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్న మనిషి చేతికి కాగితమిస్తే ఇంకేం చేస్తాడు మరి! మొదటి పేజీ నుంచీ ఎర్రసిరా. ఒత్తులు సరిచేశాడు. కామాలు పెట్టాడు. 'ఇంత పొడుగు వాక్యం దేనికి?' అని అంచున అడిగాడు. నూట పన్నెండో పేజీ దాకా అలాగే నడిచింది. నూట పదమూడులో ఏడో అధ్యాయం మొదలవుతుంది. అక్కణ్ణించి ఒక్క తప్పు కూడా దిద్దలేదు. పేజీకి ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత, అటు నుంచి ఇటు ఇంకో గీత. పద్దెనిమిది పేజీలూ అంతే. ఆఖర్న ఒకే మాట: 'తీసెయ్యాలి.'

చిట్టి ఆ కాగితాల్ని ప్రెస్సు పక్కన బల్ల మీద పెట్టుకుని, వేళ్ళకంటిన నల్లరంగు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడి చూసింది. యాభై రెండేళ్ళొచ్చినా ఇంట్లోవాళ్ళకి ఆవిడ చిట్టే. బయటివాళ్ళకి మాత్రం చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చులు తీసే కళాకారిణి, ఇప్పుడు కొత్తగా నవలాకారిణి కూడా. వానలు ముఖం చాటేసిన ఊరు వదిలి, తాతయ్యా నాయనమ్మా ఇద్దరు మగపిల్లల్ని వెంటేసుకుని, నది దాటి, తమ మాట ఎవరికీ అర్థంకాని చోటికి వచ్చి నిలదొక్కుకున్న కథ అది. పన్నెండు అధ్యాయాలు, అధ్యాయానికో చెక్క అచ్చు, ఏడోదానికి అన్నిటికన్నా పెద్దది. ఆదివారం పొద్దున ప్రదర్శన. ఇవాళ మంగళవారం.

"ఏమన్నారే మీ పెదనాన్న?" గదికి ఆ చివర తీగ మీద తడి అచ్చులకి క్లిప్పులు పెడుతూ అడిగింది అమ్మ. డెబ్బై ఆరేళ్ళ మనిషి. బట్టలారేసినంత సులువుగా అచ్చులారేస్తుంది, మరక పడనివ్వదు.

"ఏడో అధ్యాయం తీసెయ్యమన్నాడు."

"నేను చెప్పానా లేదా!" అంది అమ్మ.

ఇంతలో ఆయనే ఫోన్ చేశాడు.

"కాగితాలు అందాయా?"

"అందాయి పెదనాన్నా. ఏడో అధ్యాయం మాట..."

"అదే చెబుతున్నా. తీసెయ్. ఆ పెద్ద బొమ్మ కూడా. మీ తాత క్వారీలో కాంట్రాక్టరు. మీ నాయనమ్మ ఇంటిపట్టున ఉండేది. మన పిల్లల పెళ్ళిళ్ళలో, నా సన్మానంలో, ఎక్కడైనా అదే చెప్పాం. ఇప్పుడు కొత్త కథలు వద్దు."

చిట్టికి ఒళ్ళు మండింది. పదకొండేళ్ళు ఎండలో కూర్చుని కంకర కొట్టి ఇద్దరు కొడుకుల్ని చదివించిన మనిషి ఆవిడ. ఒక్క మాటతో ఆవిణ్ణి ఇంట్లో కూర్చోబెట్టేశారు. ఆవిడ పడ్డ కష్టమంతా తాతయ్య పేరు మీద చెలామణి అవుతోంది. తాతయ్య అదే క్వారీలో రాళ్ళు మోసేవాడు, పాపం ఆయన కూడా ఎప్పుడూ కాంట్రాక్టర్నని చెప్పుకుని ఎరగడు.

"నాన్న నాకలా చెప్పలేదు పెదనాన్నా," అంది.



"వాడు చిన్నవాడు. వాడికేం తెలుసు? వాణ్ణెవరూ కంకరోడా అని పిలవలేదు." అన్నాడు పెదనాన్న. "బళ్ళో నా పేరు ఎవడూ పిలిచేవాడు కాదు చిట్టీ. కంకరోడు, అంతే. ఒకరోజు పంతులుగారు కూడా హాజరు వేస్తూ అదే పేరు పిలిచారు. క్లాసంతా విరగబడి నవ్వింది. నేను లేచి 'అండీ' అన్నాను. దాన్ని వదిలించుకోడానికి నాకు సగం జీవితం పట్టింది. నువ్వేమో నాలుగడుగుల చెక్క మీద చెక్కి, ఊరందర్నీ పిలిచి గోడకి తగిలిస్తానంటున్నావ్."

దెబ్బలాడదామని చిట్టి పొద్దున్నించీ కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. నాన్న పోయాక, నాయనమ్మని పనిలో చూసిన కళ్ళు ఈ భూమ్మీద ఇక ఆ రెండే. ఆ కళ్ళకి తెలియకుండా ఆ బొమ్మ గోడెక్కితే దొంగతనంగా ఉంటుంది.

"ఒక్కసారి వచ్చి చూడు," అంది. "చూశాక కూడా వద్దంటే తీసేస్తాను. బొమ్మా అధ్యాయం, రెండూ."

"మాటేనా?"

"మాటే."

ఫోన్ పెట్టేసరికి అమ్మ చేతిలో క్లిప్పులు కింద ఉన్నాయి. "నోరు ఊరుకోదే నీకు! నాలుగేళ్ళు కూర్చుని రాసింది ఒక్క నిమిషంలో ఆయన చేతిలో పెట్టేశావు. ఎనభై నాలుగేళ్ళ మొండిఘటం, వద్దు అనడానికే బండెక్కి వస్తాడు చూడు."

"వస్తే రానీ."

"వస్తే రానీ అట! ఆయన తమ్ముడి కూతురివనిపించుకున్నావు."

బుధవారమంతా చిట్టికి చెయ్యి ఆడలేదు. ప్రదర్శన హాలు చూసుకునే ఆవిడ గోడ కొలతలకని వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆగినట్టే ఆ పెద్ద బొమ్మ ముందు ఆగిపోయి, "ఆ వేళ్ళు చూడండి, రాయిని ఎలా పట్టుకున్నాయో! ప్రాణం ఉన్నట్టున్నాయి," అంది. అందరూ అదే అంటారు. బొమ్మలో నాయనమ్మ నేల మీద కూర్చుని, ఎడం చేత్తో రాయిని పట్టుకుని, కుడి చేత్తో సుత్తి ఎత్తి ఉంటుంది. ఎడమ చేతి వేళ్ళు చెక్కడానికే తొమ్మిది రోజులు పట్టింది. అద్దం ముందు తన చేతినే పెట్టుకుని, కణుపు కణుపూ, గోరు గోరూ చూసి చెక్కింది. చెక్క మీద ఎడమైతే కాగితం మీద కుడి అవుతుంది కాబట్టి అద్దంలో చూసే చెక్కాలి. తన బతుకులో అంత మంచి చెయ్యి ఇంకోటి చెక్కలేనని చిట్టికి తెలుసు. కాస్త గర్వం కూడా ఉంది, దాచుకోదు.

సాయంత్రం అమ్మ టీ తెచ్చి పక్కన కూర్చుంది. "పెళ్ళయిన కొత్తల్లో మీ నాయనమ్మ నా అరచేయి తిప్పి చూసింది," అంది, ఎవరూ అడక్కుండానే. "ఏమీ అనలేదు. తన చెయ్యి తీసి వెనక్కి పెట్టుకుంది. నాకు తగిలింది లే, గచ్చులా ఉంది." 

గురువారం పదింటికి పెదనాన్న దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, జేబులో రెండు కళ్ళజోళ్ళు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. మంచినీళ్ళిస్తే వద్దన్నాడు. పని అయ్యాక తాగుతాట్ట.

"వరసగా చూడు పెదనాన్నా. ఒకటి నుంచీ."

చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో తిరిగినట్టు గోడ వెంట నడిచాడు. మూసిన తలుపు బొమ్మ దగ్గర తలూపాడు. పడవ దగ్గర ఆగాడు.

"మేం కూర్చోలేదు."

"అదేంటి?"

"పడవలో. కూర్చుంటే చోటెక్కువ పడుతుందని పడవవాడు అందర్నీ నిలబెట్టాడు. నేను మా అమ్మ మోకాలు పట్టుకుని నిలబడ్డాను. సరే, పోనీలే. నీళ్ళు బాగున్నాయి."

చిట్టి చటుక్కున పెన్సిల్ తీసి గోడ మీదే రాసుకుంది. ఎవరో సరదాకి చెప్పిన మాటలా అన్నాడు గానీ, నాలుగేళ్ళలో ఆయన నోటి నుంచి ఆ ప్రయాణం గురించి వచ్చిన మొదటి మాట అదే.

ఏడోది పక్క గోడ మీద ఒక్కటే ఉంది, నాలుగడుగుల పొడవున. పెదనాన్న దాని ముందు నిలబడ్డాడు. ఒక కళ్ళజోడు తీసి రెండోది పెట్టుకున్నాడు. దగ్గరికి వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు. అమ్మ తీగ దగ్గర ఉత్తి క్లిప్పులు పెడుతూ తీస్తూ ఉంది. చిట్టి మాటిచ్చింది, ఇచ్చింది కాబట్టి తప్పదు, ఈ మనిషి ఒక్క 'వద్దు' అంటే ఆ చెక్కని గోడవైపు తిప్పి పెట్టేయాలి.

చూసి చూసి ఆయన గొడుగు కొసతో బొమ్మలో ఎడమ చేతిని చూపించాడు.

"ఈవిడకి పని రాదు," అన్నాడు.

"ఏంటి?"

"ఈవిడకి పని రాదంటున్నా. ఎవరే ఈవిడ? మా అమ్మని చెక్కానన్నావు. రాయిని ఇలా వేళ్ళతో పట్టుకుని పైనుంచి సుత్తేస్తే, మొదటి రోజు మధ్యాహ్నానికి రెండు వేళ్ళు పోతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు అలాగే పోగొట్టుకునేవాళ్ళు. మా అమ్మ పదకొండేళ్ళు కంకర కొట్టింది. పోయినప్పుడు పది వేళ్ళతో పోయింది. పది!" రెండు చేతులూ ఎత్తి చూపించాడు. ఆయన మెడ ఎర్రబడింది. "మా అమ్మని పనిరానిదాన్ని చేసి గోడకి పెడతావా?"

చిట్టికి తల తిరిగినంత పనైంది. ఉలి ముందు వేలు పెట్టొద్దు, రెండు చేతులూ ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలని పాతికేళ్ళుగా నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి రోజు మొదటి మాటగా చెబుతున్న మనిషి తను. సొంత నాయనమ్మ వేళ్ళని తెచ్చి సుత్తి కింద పెట్టింది. అందంగా ఉన్నాయి కాబట్టి ఆ పట్టు సరైందేనా అని ఎవరూ అడగలేదు, తనూ అడగలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అయితే ఎలా పట్టుకునేది?" అంది నెమ్మదిగా.

"చుట్ట ఉండేది."

"చుట్టంటే?"

"అది కూడా తెలీకుండా పద్దెనిమిది పేజీలు రాశావా!" ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సైకిల్ టైరు ముక్క. గుండ్రంగా వంచి, కొసలు రెండూ బయటికి వదిలి తీగతో బిగించాలి. ఆ కొసలే పిడి. రాయి చుట్ట మధ్యలో ఉంటుంది, చెయ్యి పిడి దగ్గరుంటుంది. సుత్తి పడితే ముక్క ఎగరదు, వేలు దరిదాపుల్లోకి రాదు. మూడు వారాలకోటి అరిగిపోయేది." ఆగాడు.  "నేనే కట్టేవాణ్ణి. ఏడేళ్ళప్పట్నించి. మా అమ్మవి ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. నేను కట్టిన చుట్ట జారదని మిగతా ఆడవాళ్ళు కూడా వచ్చి అడిగేవాళ్ళు."

ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు ఆయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. సన్మానం ఫోటోలో కూడా చిట్టి ఆయన్ని అలా చూడలేదు.

"పెదనాన్నా, ఇంతకీ వద్దంటావా, ఉంచమంటావా?"

"ఇలా వద్దు."

"అయితే ఎలా?"

ఆయన అమ్మవైపు తిరిగాడు. "ఏమ్మా, ఇక్కడెక్కడైనా పాత టైరు దొరుకుతుందా?"

అమ్మ అప్పటికే చెప్పులేసుకుంటోంది. వీధి మలుపులో సైకిళ్ళు బాగుచేసే అతని దగ్గర్నించి అరిగిన టైరు ఒకటి భుజానికి తగిలించుకుని, పతకం గెలిచిన దానిలా తిరిగొచ్చింది. పెదనాన్న చొక్కా చేతులు మడిచాడు. చిట్టి కత్తి ఇస్తే మొండిదన్నాడు, కటింగ్ ప్లేయరు ఇస్తే చిన్నదన్నాడు. తీగని వేళ్ళకి రెండు చుట్లు చుట్టుకుని గుంజాడు.  మొదటిది ఊడింది. రెండోదీ ఊడింది. "నేను పట్టుకోనా?" అని చిట్టి అంటే ఒప్పుకోలేదు. మూడోసారి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పళ్ళ బిగువున తీగ మెలిపెట్టాడు. బిగిసింది. నేలకేసి కొట్టి చూశాడు. కదల్లేదు.

"ఆ, ఇదీ," అన్నాడు. అప్పుడు మంచినీళ్ళు అడిగి, గ్లాసెడు గటగటా తాగాడు.

అమ్మని నేల మీద కూర్చోబెట్టారు. "కూర్చోవడం నా వంతు, లేపడం మీ ఇద్దరి వంతు, ముందే చెబుతున్నా," అంది అమ్మ. చుట్టలో రాయి పెట్టి పట్టుకుంది. పెదనాన్న కర్రతో తరగతిలో చూపించినట్టు గొడుగుతో చూపించాడు. మోచెయ్యి మోకాలికి ఆనాలి, లేకపోతే సాయంత్రానికి భుజం పడిపోతుంది. సుత్తి చెవి పైకి పోకూడదు, నీ బొమ్మలో ఏదో యుద్ధానికి పోతున్నట్టు ఎత్తావు, అంత ఎత్తితే గంటసేపు కూడా కొట్టలేరు. కళ్ళు ఇంచుమించు మూసి ఉండాలి, రాతిపొడి. చిట్టి కింద కూర్చుని గీస్తూనే ఉంది. కాగితం అయిపోతే ఇంకో కాగితం.

"బావగారూ, నా నడుం," అంది అమ్మ.

"ఇంకొంచెం సేపమ్మా. మా అమ్మ పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునేది."

"మీ అమ్మకి అప్పుడు పాతికేళ్ళండీ!"

పెదనాన్న నవ్వాడు. నవ్వి, నవలా ప్రూఫులు తెమ్మన్నాడు. జేబులోంచి ఎర్రకలం తీసి ఏడో అధ్యాయం ముందేసుకున్నాడు. కొట్టేసిన గీతల మధ్య సందుల్లో, అంచుల్లో, వెనకపేజీల్లో రాయడం మొదలుపెట్టాడు. ఏ మాటని ఏ మాటగా మార్చాడో చూద్దామని చిట్టి వంగితే, "నీ పని నువ్వు చూసుకో," అన్నాడు. చీకటి పడేముందు వెళ్ళిపోతూ కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు. పద్దెనిమిది పేజీల నిండా ఎర్రసిరా. ఒక్క ఒత్తు దిద్దలేదు ఈసారి. ఎవరి పక్కన ఎవరు కూర్చునేవాళ్ళో, ఏ పాట పాడుకునేవాళ్ళో, కూలీల మేస్త్రీ ఏమని తిట్టేవాడో, వాళ్ళమ్మ తిరిగి ఏమనేదో అంతా ఉంది. చదువుతుంటే చిట్టికి కళ్ళు మసకబారాయి. ఈవిడ తను రాసిన నాయనమ్మ కాదు. తన నాయనమ్మ ఏడ్చేది, ఈవిడ జవాబు చెప్పేది.

శుక్రవారం పొద్దున్నే చెక్కని బల్ల మీదకి ఎక్కించింది. చెక్క అచ్చులో ఒకసారి తవ్వింది తవ్విందే, తిరిగి రాదు. తవ్విన చోట కాగితం తెల్లగా ఉండిపోతుంది. చుట్టేమో నల్లగా రావాలి. అంటే అక్కడ కొత్త చెక్క పెట్టి అతకాలి. ఎడం చేతి చుట్టూ జానెడు గీత గీసుకుని, పలుచటి రంపం చేతపట్టుకుని, ఒక్క క్షణం ఆగింది. తొమ్మిది రోజులు. పోనీ, ఆ వేళ్ళు తనవి. నాయనమ్మవి కావు. రంపం దింపింది.

ముక్క ఊడి బల్ల మీద పడితే అమ్మ తీసి అటూ ఇటూ తిప్పింది. "దీన్నేం చేస్తావ్?"

"కప్పుల కింద పెట్టుకో."

అదే జాతి చెక్క, అదే మందం, పీచు అదే దిక్కుకి పోయేలా చూసి ముక్క కోసింది. గాడిలో పెట్టి చూస్తే వెంట్రుకవాసి ఎత్తు. ఉప్పుకాగితంతో రుద్దింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ రుద్దింది. వేలితో తడిమితే అతుకు తగలకుండా ఉండాలి. జిగురు రాసి, బిగింపులు వేసి, మధ్యాహ్నం దాకా ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టమైన పని. ఈలోగా సుత్తి చెయ్యి సంగతి చూసింది. సుత్తిని కిందికి దించాలి. పైనున్న సుత్తిని తవ్వెయ్యడం తేలికే, కింద చోట అదృష్టం కొద్దీ ఇంకా తవ్వని చెక్క మిగిలి ఉంది. జిగురు ఆరాక, నిన్న గీసుకున్న కాగితం బోర్లించి పెట్టి చుట్టని దించుకుంది. టైరు గాట్లు, తీగ మెలిక, పిడి దగ్గర మూసుకున్న గుప్పిట. వేళ్ళు పెద్దగా కనపడవు. గోళ్ళు అసలే కనపడవు. కొయ్యపొట్టు ఒళ్ళంతా పడుతోంటే చెక్కుతూనే ఉంది, ఉలి వెనక రెండు చేతులూ.

శనివారం పదిన్నరకి పెదనాన్న మళ్ళీ వచ్చాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. చెక్కకి రంగు పట్టించడం మొదటి నుంచీ చూశాడు. రోలరు మీద రంగు చిటపటమంటుంటే, "ఆ చప్పుడేంటి?" అని అడిగాడు. "రంగు సరిపోయిందని చెబుతోంది," అంది చిట్టి. కాగితం పరిచి, ప్రెస్సు చక్రం తిప్పింది. కొస పట్టుకుని నెమ్మదిగా ఎత్తింది. అమ్మ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ దాన్ని బల్ల మీద పరిచారు.

నేల మీద కూర్చున్న మనిషి. మోచెయ్యి మోకాలికి ఆని ఉంది. కళ్ళు చిట్లించుకుని పనిలో ఉంది. ఎవరి జాలీ అడగడం లేదు. ఇంతకు ముందు బొమ్మ చూసి జనం అయ్యో అనేవాళ్ళు. దీన్ని చూసి అయ్యో అనడానికి నోరు రాదు.

పెదనాన్న చాలాసేపు వంగి చూశాడు. "తీగ ముడి కింద వైపు ఉండాలి. పైనుంటే సుత్తికి తగుల్తుంది," అన్నాడు. చిట్టి చెక్క తుడిచి, పై ముడి చెక్కేసి, కింద గీతలు దిద్ది, మళ్ళీ రంగేసి రెండోది తీసింది. ఈసారి ఆయన తడిరంగుకి తగలకుండా, గాలిలోనే ఆ చుట్ట చుట్టూ వేలు తిప్పాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సింది కళ్ళజోడు కాదని ముగ్గురికీ తెలుసు.

అచ్చుల పనిలో ఒక పద్ధతుంది. అన్నీ కుదిరిన మొదటి కాపీని పక్కన పెట్టి, కింద అంచున పెన్సిల్‌తో ఒప్పుకుంటున్నట్టు రాస్తారు. ఆ తర్వాత తీసేవన్నీ దాంతో పోల్చి చూడాలి, తేడా వస్తే చించెయ్యాలి. పాతికేళ్ళుగా ఆ మాట చిట్టే రాసుకుంటోంది. ఇవాళ పెన్సిల్ చెక్కి పెదనాన్న చేతికిచ్చింది.

"సరిగ్గా ఉందనుకుంటే కింద 'సరే' అని రాసి సంతకం పెట్టు పెదనాన్నా. నువ్వు ఒప్పుకుంటేనే మిగతావి తీస్తాను."

ఆయన కుర్చీ సర్దుకున్నాడు. మణికట్టు బల్లకి ఆనించి, రాయడం మొదలుపెట్టాడు. 'సరే' రెండక్షరాలు. ఆయన రాస్తూనే ఉన్నాడు. అమ్మ చిట్టివైపు చూసింది. చిట్టి భుజాలెగరేసింది. పెన్సిల్ ఆగి, మళ్ళీ కదిలింది. చివర్న సంతకం పెట్టి, పొడి ఊది, కాగితం ఆమెవైపు తిప్పాడు.

బళ్ళో పిల్లల్ని చేర్చుకునే రిజిస్టరులో రాసినట్టు, గుండ్రటి అక్షరాలతో మూడు వరసలు. అలాంటి రిజిస్టర్లలో 'తండ్రి' అని ఉండే చోట 'తల్లి' అని రాసి, నాయనమ్మ పేరు పుట్టింటి పేరుతో సహా రాశాడు. చిట్టికి ఆ పుట్టింటి పేరు ఇన్నేళ్ళూ తెలీదు. రెండో వరసలో: 'వృత్తి: కంకర కొట్టుట. పదకొండు సంవత్సరములు.' మూడో వరసలో: 'ధ్రువీకరించినది: పెద్దకొడుకు.'

 అమ్మ చదివి, ఇంకోసారి చదివి, తడిరంగు చేతికంటుకుంటున్నా చూసుకోకుండా బల్లంచు పట్టుకుని నిలబడింది.

"గోడకి దీన్నే పెట్టు," అన్నాడు పెదనాన్న లేచి గొడుగు అందుకుంటూ. "రేపు నా కొడుకుల్నీ కోడళ్ళనీ మనవల్నీ అందర్నీ తోలుకొస్తాను. కింద రాసింది పైకి చదవందే ఒక్కణ్ణి కూడా ఎనిమిదో బొమ్మ దగ్గరికి పోనివ్వను."